రెండు బ్లాకులు, ఒక తెగిన పోగు

2018 జూలై మొదటి వారంలో, మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో, అంజూర్ ఫాటా వెళ్ళే రోడ్డు మీదున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో, ఛాతీ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే బాధ్యతను నాకు రాతపూర్వకంగా అప్పగించారు. రాతపూర్వకంగా అని ఎందుకు చెబుతున్నానంటే, అప్పటికి రెండేళ్ళుగా ఆ పని నేనే చేస్తున్నాను. నోటిమాట మీద చేయించుకున్నారు. కొత్త ఆపరేషన్ థియేటర్ తెరిచిన రోజు గోడకు బిగించిన రాతిపలక మీద సర్జన్ల పేర్లు, ధర్మకర్తల పేర్లు, చివరికి కరెంటు పనులు చేసిన కాంట్రాక్టరు పేరు కూడా చెక్కించారు. మత్తు డాక్టరు పేరు లేదు. దాని గురించి నేను రాసిన ఉత్తరం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. జవాబు లేదు కాబట్టి జవాబు నకలు లేదు.

మత్తు డాక్టరు పని రోగిని నిద్రపుచ్చి, లేపడంతో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఛాతీ ఆపరేషన్లో అసలు పని రోగి లేచాక మొదలవుతుంది. పక్కటెముకల మధ్య కోసి, ఎముకలను ఎడం చేసి, ఊపిరితిత్తి దాకా వెళతారు. చేతికి ఆపరేషనైనవాడు చెయ్యి కదలకుండా పెట్టుకోవచ్చు. ఛాతీకి ఆపరేషనైనవాడికి ఆ వెసులుబాటు లేదు. ఊపిరి తీసిన ప్రతిసారీ గాయం కదులుతుంది. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. దగ్గకపోతే కఫం లోపలే నిలుస్తుంది. కఫం నిలిచిన చోట ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. తర్వాత జ్వరం, ఆయాసం, మళ్ళీ వెంటిలేటరు. అందుకే ఛాతీకి ఆపరేషనైనవాడికి నొప్పి తగ్గించడం సుఖం కోసం చేసే పని కాదు, వైద్యంలో భాగం.

ఆ నొప్పిని తగ్గించడానికి నరాన్ని మొదలు దగ్గరే మొద్దుబార్చడాన్ని బ్లాక్ అంటాం. వెన్నెముక నుంచి ఒక్కో పక్కటెముక కిందుగా ఒక్కో నరం బయలుదేరుతుంది. ఆ నరం బయటికి వచ్చే సందులోనే మందు వదలడం ఒక పద్ధతి. దాన్ని పారావర్టిబ్రల్ బ్లాక్ అంటారు. మందు సరిగ్గా చేరాల్సిన చోటే చేరుతుంది. కానీ సూది మొనకు, ఊపిరితిత్తి పొరకు మధ్య దూరం చాలా తక్కువ, చెయ్యి నిలకడగా ఉండాలి. రెండోది అప్పుడప్పుడే వాడుకలోకి వచ్చిన పద్ధతి, ఎరెక్టర్ స్పైనీ బ్లాక్. వీపు కండరం కింద, వెన్నుపూస పక్కకు చాచిన ఎముక మొన మీద మందు పోస్తారు. అక్కణ్నుంచి మందు పాకుతూ నరాల దగ్గరికి చేరాలి. సూది ఊపిరితిత్తికి దూరంగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. మందు ఎంత దూరం పాకుతుందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు. నేను మొదటి పద్ధతిలో చెయ్యి తిరిగినవాణ్ని. రెండోదాన్ని సోమరుల బ్లాక్ అనేవాణ్ని. ఆ మాట తర్వాత నాకే తగిలింది.

సూదిని కళ్ళతో చూస్తూ దించడానికి అల్ట్రాసౌండ్ యంత్రం కావాలి. గర్భంలో ఆడా మగా చెప్పడాన్ని నిషేధించిన చట్టం వల్ల, ఆ యంత్రం ఏ గదిలో ఉంటుందో, ఎవరు వాడతారో ముందే రాసి అనుమతి తీసుకోవాలి. ప్రసూతి విభాగం వాళ్ళది వాళ్ళకుంది. థియేటర్‌కు వేరేది రావడానికి నేను ఎనిమిది ఉత్తరాలు రాశాను. వచ్చిన రోజు మాత్రం పాత కోపాలన్నీ మరిచిపోయాను. తెర మీద ఊపిరితిత్తి పొర తెల్లటి గీతలా మెరుస్తూ, ఊపిరితో పాటు అటూ ఇటూ జారుతుంటే, సూది మొన దాని పైన ఆగి, మందు నల్లటి మడుగులా విచ్చుకుని ఆ గీతను కిందికి నెడుతుంటే, ఇన్నేళ్ళు వేళ్ళతో ఊహించుకుంటూ చేసిన పనిని మొదటిసారి కళ్ళారా చూశాను. యాభై అయిదేళ్ళ వయసులో అంత సంబరం వస్తుందని అనుకోలేదు.

ఆ సంబరం మీద నీళ్ళు చల్లినవాడు మా ఛాతీ సర్జను. ముంబై నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చేవాడు. ఆయన పేరు రాయను. ఏడేళ్ళలో ఆయన నా పేరు ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. మంచి చెయ్యి, అది ఒప్పుకుంటాను. ఒకరోజు నేను బ్లాక్ వేస్తుండగా, చేతులు కడుక్కుంటూ అందరి ముందూ అన్నాడు: "డాక్టర్, యే లూమ్‌వాలే లోగ్ హై. ఇన్‌కో దర్ద్ కమ్ హోతా హై. ఇత్నా తామ్‌ఝామ్ కిస్‌లియే?" వీళ్ళు మగ్గాలవాళ్ళు, వీళ్ళకు నొప్పి తక్కువ, ఇంత ఆర్భాటం దేనికి అని.

మా నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి భివండీలోని కనేరి పేటలో ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. సాంచలో అటూ ఇటూ పరుగెత్తే షటిల్ ఎగిరి వచ్చి తగిలి ఆయన పక్కటెముక విరిగితే, నెల రోజులు గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయాడు. నొప్పి తక్కువై కాదు.  సర్జను అన్న మాటను, ఆ రోజు తేదీ వేసి డైరీలో రాసుకున్నాను.

జవాబు మాటతో కాకుండా లెక్కతో చెప్పాలనుకున్నాను. రెండు బ్లాకులనూ పోల్చి చూస్తానని ఆసుపత్రి వైద్య కమిటీని అడిగాను. రెండూ అప్పటికే వాడుతున్నవే. రోగికి తెలుగులో, హిందీలో, మరాఠీలో రాసిన కాగితం చదివి వినిపించి, సమ్మతి తీసుకునేవాళ్ళం. ఎవరికి ఏ బ్లాక్ అనేది నా ఇష్టం మీద కాకుండా, ఒక స్టీలు డబ్బాలో మడిచి పెట్టిన చీటీల మీద ఆధారపడేది. వార్డులో నొప్పిని కొలిచేది ఇంచార్జి సిస్టర్ మంగల్ తాయి. ఆమెకు ఏ చీటీ వచ్చిందో తెలియదు. బ్లాక్ వేసినవాడే నొప్పి కొలవకూడదు, మొగ్గు చూపుతాడు. అందుకని నేను రోగిని ఆ ప్రశ్న అడగకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

ప్రశ్న అందరికీ తెలిసినదే. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. కదలకుండా ఉన్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత. నాలుగు దాటితే సిస్టరు అదనంగా ఇంజెక్షన్ ఇవ్వాలి, దాటకపోతే అక్కర్లేదు. ఆ అంకెలు రాసే కాగితాన్ని అట్టకు బిగించి మంచం కాళ్ళవైపు వేలాడదీయించాను. డ్యూటీ మారినా ఎవరి కంటికైనా వెంటనే కనబడాలని. అది నా ఆలోచనే.

రెండు నెలలు గడిచేసరికి కాగితాలన్నీ ముందేసుకుంటే నా తల తిరిగింది. అందరివీ ఒకట్లు, రెండ్లు. ఈ బ్లాక్‌కూ అంతే, ఆ బ్లాక్‌కూ అంతే. మొదటి రోజూ అంతే, మందు ప్రభావం ఖాయంగా దిగిపోయి ఉండాల్సిన రెండో రోజూ అంతే. ఒక్క మల్లయ్య అనే కనేరి కార్మికుడు మాత్రం ఏడు అన్నాడు. అతని కాగితం మీద 'భయస్తుడు' అని నా చేత్తోనే రాశాను.

సమీక్ష సమావేశంలో అందరికీ మెత్తటి కుర్చీలు, నాకు ప్లాస్టిక్ కుర్చీ. సర్జను కాగితాలు తిరగేసి నవ్వాడు. "నేను చెప్పిందే కదా" అన్నాడు. కార్యదర్శి మినిట్స్‌లో రాశాడు: "మరమగ్గాల కార్మికులలో నొప్పి తక్కువగా ఉన్నట్టు తేలినది. రెండు బ్లాకుల మధ్య తేడా లేదు. డిసెంబర్ తర్వాత వీటిని నిలిపివేసి మామూలు ఇంజెక్షన్లు కొనసాగించవచ్చును." ఆయన అహంకారంతో అన్న మాటకు నేను అంకెలతో రుజువు సమకూర్చి పెట్టాను. ఇంటికి పోతూ వరాలా తలావ్ చెరువు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అయినా కోపం దిగలేదు.

ఆ తర్వాతి మంగళవారం ఆపరేషనైనవాడు పోశెట్టి. నలభై దాటిన మనిషి, కనేరిలో ఆరు సాంచాలు నడిపేవాడు. పాత టీబీ తగ్గిపోయినా, కుడి ఊపిరితిత్తిలో ఒక భాగం చెడి, దగ్గితే రక్తం పడేది. ఆ భాగం తీసేశారు. మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకుని ఆ ఖాళీని నింపాలి. చీటీలో ఎరెక్టర్ స్పైనీ వచ్చింది. వేశాను. బుధవారం ఉదయం అతని కాగితం మీద ఒకటి, సాయంత్రం ఒకటి. గురువారం ఉదయం జ్వరం. ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగం తెల్లగా మూసుకుపోయింది. కఫం నిలిచింది. సర్జనుకు ఫోన్ చేస్తే, శుక్రవారం పొద్దున తాను వచ్చేసరికి విచ్చుకోకపోతే గొంతులోంచి గొట్టం దించి కఫం లాగుదామని, అవసరమైతే వెంటిలేటరు మీద పెడదామని అన్నాడు. మానీమానని ఊపిరితిత్తికి వెంటిలేటరు గాలి ఒత్తిడి ఎంత చేటో నాకు తెలుసు. కుట్టిన చోట గాలి చిమ్మితే మళ్ళీ ఛాతీ తెరవాలి.

"దగ్గించావా?" అని మంగల్ తాయిని అడిగాను. "దగ్గమంటే గొంతు సవరించుకుంటాడు, డాక్టర్. నొప్పి ఎంతంటే ఏక్ అంటాడు. ఏక్ అన్నవాడికి నేను ఇంజెక్షన్ ఎలా ఇవ్వను? రూల్ మీరే పెట్టారు" అందామె. నిజమే, రూల్ నాదే.

నాకు మొదట తోచింది సోమరుల బ్లాక్ దెబ్బతీసిందని. ఒక రకంగా ఉత్సాహం కూడా వచ్చింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఐసు ముక్క తీసుకుని పోశెట్టి ఛాతీ మీద ఆనించి చూశాను. మొద్దుబారిన చోట చల్లదనం తెలియదు. అతనికి అంతటా చల్లగా తెలిసింది. అంటే మందు పూర్తిగా దిగిపోయింది. కానీ ఆపరేషనై రెండు రోజులైంది. ఒకసారి వేసిన మందు ఏ బ్లాక్‌లోనైనా అప్పటికి దిగిపోతుంది. మరి మందు దిగిపోయినవాడు, పక్కటెముకలు ఎడం చేయించుకున్నవాడు, ఒకటి అని ఎలా అంటున్నాడు? నేను అడగకూడదు. నియమం. వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం నాలుగింటికి చూడవచ్చేవాళ్ళను లోపలికి వదులుతారు. అంతకు అయిదు నిమిషాల ముందు మళ్ళీ వార్డులోకి వెళ్ళాను. పోశెట్టి భార్య రాజవ్వ మంచం కాళ్ళ దగ్గర నిలబడి, అట్టను తిప్పి, అంకెలు మంచం వైపు ఉండేలా పెడుతోంది.

"ఏంది చెల్లె, గా కాగితం ఎందుకు తిప్పుతున్నవ్?" అని అడిగాను.

ఆమె ఉలిక్కిపడింది. డాక్టరు తెలుగు మాట్లాడతాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మూడు రోజులుగా ఆ వార్డులో తిరుగుతున్నా ఆ మనిషితో నేను ఒక్క మాట మాట్లాడలేదు.

"తిప్పకుంటే ఎట్ల సారు? నాలుగు కొట్టంగనే కార్ఖాన ముకాదమ్ వస్తడు. మంచం మంచం తిరిగి సదువుకుంట పోతడు. మీరే రాసి తలిగేస్తిరి గద, అందరు సదువుకునేటట్టు."

"ఒకటే ఉంది గదా దాని మీద. ఒకటి సదివితే ఏమైతది?"

"నిన్న ఒకటి. ఇయ్యాల దగ్గుడే రాకపాయె, గా సిస్టరు ఎక్కువ నంబర్ ఏస్తదేమో అని భయం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గా మల్లయ్య బావ ఏడు అన్నడు సారు. ముకాదమ్ సదివి ఏమన్నడో ఎరుకేనా? సాత్ నంబర్ కా ఆద్మీ ఛే మశీన్ కైసే చలాయేగా అన్నడు, ఏడు నంబరోడు ఆరు సాంచాలు ఎట్ల నడుపుతడని. తెల్లారేవరకు ఆయన ఆరు సాంచాలు బద్లీ మనిషికి పోయినయ్. గది చూసినంక ఎవలన్నా రెండు దాటుతరా?"

నేను ఆ కాగితం దగ్గరే నిలబడిపోయాను. కార్ఖానాలో మనిషి నాగా పెడితే ముకాదమ్, అంటే పనివాళ్ళ మేస్త్రీ, అతని సాంచాల మీద బద్లీ మనిషిని నిలబెడతాడు. సాంచ ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు. పాతమనిషి ఎప్పటికి వస్తాడో తెలిస్తే ఉంచుతారు, తెలియకపోతే బద్లీవాడే పాతుకుపోతాడు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో రోజూ వినబడ్డ మాట ఇది. నొప్పి ఎంతో రాసి, సాంచాలు పంచేవాడి కంటికి ఎదురుగా వేలాడదీసి, రోగులు నిజం చెబుతారని రెండు నెలలు ఎదురుచూశాను. సర్జనుకైనా తెలియలేదంటే అర్థముంది. నాకేమైంది?

అట్టను ఊడదీసి చంకలో పెట్టుకున్నాను. ముకాదమ్ సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. అట్ట లేకపోవడం చూసి, "డాక్టర్ సాబ్, ఇస్‌కా నంబర్?" అన్నాడు, ఇతని నంబరెంతని. "నంబర్ మేరే పాస్ హై" అన్నాను, అది నా దగ్గరుందని. పదిహేను రోజుల తర్వాత పరీక్ష చేసి, ఎప్పుడు పనిలోకి వస్తాడో సంతకం పెట్టి నేనే చెబుతానని, అంతవరకు ఆసుపత్రిలో ఎవరినీ ఏమీ అడగవద్దని హిందీలో చెప్పాను. ఆ పదిహేను రోజులు బద్లీకి పక్కా చేయొద్దని కూడా అన్నాను. ఏ అధికారంతో అన్నానో తెలియదు. అతను తెల్లకోటు చూసి తలూపాడు.

అతను వెళ్ళాక నా నియమాన్ని నేనే పక్కన పెట్టి పోశెట్టిని అడిగాను. అతను ముందు భార్య వైపు చూశాడు. "చెప్పు, సారు మనోడే" అంది. "సారు, లోపల నూలు కండె ఇరుక్కున్నట్టు ఉన్నది. ఊపిరి ఇట్ల తీస్తే అట్ల కోస్తున్నది" అన్నాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు. నిన్నటి నుంచి ఆ నొప్పితోనే ఒకటి అంటున్నాడు.

నాకు ఇష్టమైన పారావర్టిబ్రల్ వేయాలా? జ్వరంతో ఉన్నాడు, కుడిపక్క గొట్టాలున్నాయి, వంగి కూర్చోలేడు, ఆయాసపడుతున్నాడు. ఊపిరితిత్తి పొర దగ్గరికి సూది దించే పరిస్థితి కాదు. తొందరగా, దూరంగా చేయగలిగినదే కావాలి. సోమరుల బ్లాకే వేశాను. ఈసారి కండరం కింద సన్నటి గొట్టం వదిలి, మందు దిగిపోకముందే మళ్ళీ పోసే ఏర్పాటు చేశాను. తెర మీద కండరం ఎముక నుంచి లేచి, మందు పైకీ కిందికీ చీలుతూ పాకడం చూశాను. ఇరవై నిమిషాల తర్వాత ఐసు పెడితే, "తెలుస్తలేదు సారు" అన్నాడు. ఇంకో పది నిమిషాలకు మంగల్ తాయి అతని పక్కకు దిండు అదిమి పట్టి దగ్గమంది. దగ్గాడు! వార్డంతా తలెత్తి చూసే దగ్గు. రెండో దగ్గుకు కఫం ముద్ద గిన్నెలో పడింది. "శాబాస్!" అని మంగల్ తాయి అరిచింది. నేనూ అరిచాననుకుంటాను.

శుక్రవారం ఉదయం ఎక్స్‌రేలో తెల్లటి భాగం సగానికి పైగా నల్లబడింది. గాలి చేరితే ఎక్స్‌రేలో నలుపే కనబడుతుంది. సర్జను దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, గొట్టం అక్కర్లేదన్నాడు. 

నాకు మాత్రం పని అప్పుడే మొదలైంది. నొప్పి మందును నంబరు మీద కాకుండా గడియారం మీద, వేళకు ఇవ్వాలని రాసి పెట్టాను. అంకెల కాగితాలు నా బీరువాలోకి పోయాయి. అయినా ఆరు సాంచాల భయం ఉన్నవాణ్ని నోటితో అడిగితే నమ్మకమేముంది? అబద్ధమాడడం కుదరని కొలత కావాలి. ఆ కొలత పోశెట్టే చూపించాడు. శనివారం నేను వెళ్ళేసరికి, దుప్పటి అంచున ఊడిన దారాలను కూర్చుని ఒక్క ఎడంచేత్తో ముడి వేస్తున్నాడు. కుడిచేత్తో ఎందుకు వేయవని అడిగితే, "గంత దూరం చాపితే పక్క గుంజుతది సారు" అన్నాడు.

సాంచ మీద పోగు తెగితే కార్మికుడు ముందుకు వంగి, చెయ్యి బారజాపి, రెండు కొసలు పట్టుకుని ముడి వేస్తాడు. ఒక్కో రోజు వందలసార్లు. చెయ్యి అలా చాపినప్పుడే కోసిన పక్క పక్కటెముకలు విచ్చుకుంటాయి. రాజవ్వ ఇంటి నుంచి నూలు కోను తెచ్చింది. వ్యాయామాల గదిలో రెండు సెలైను స్టాండ్ల మధ్య నిలువుగా పోగులు బిగించి, ప్రతి పోగునూ మధ్యలో తెంపాం. రోగి స్టూలు మీద కూర్చుని, కోసిన వైపు చెయ్యి చాపి ముడులు వేయాలి. మూడుసార్లు దగ్గాలి. మళ్ళీ ముడులు వేయాలి. మంగల్ తాయి గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మూడు బంతుల ఊపిరి పరికరం ఎలాగూ ఉంది, దాని పక్కన ఇది పెట్టాం.

చెయ్యి అబద్ధమాడదు. నొప్పి ఉన్నవాడికి రెండో ముడి దగ్గరే చెయ్యి గాల్లో ఆగిపోయేది, ఎంత పట్టుదల ఉన్నా. లేనివాడి వేళ్ళు వాటంతటవే పరుగెత్తేవి. రెండో వారానికల్లా వ్యాయామాల గదికి జనం ఎగబడ్డారు. పోశెట్టి డిశ్చార్జికి ముందురోజు అవతలి మంచం గంగారాం పందెం వేశాడు. "ఏందన్నా, నాలుగు ముడులకే ఆగినవ్? గిట్లనేనా ఆరు సాంచాలు నడిపింది? నాకు రెండియ్యి, నేను నడుపుత!" అన్నాడు. "నువ్వు నడిపితే ముకాదమ్‌కు బట్ట తాను రాదు తమ్మీ, చిల్లుల జాలి వస్తది" అన్నాడు పోశెట్టి. నవ్వితే గాయం గుంజుతుందని ఇద్దరూ పక్కలు పట్టుకుని నవ్వారు. ముడులు రాని ఒక రిక్షా డ్రైవరుకు ఆ కొలత పనికిరాలేదు. అతను హారన్ కొడతానన్నాడు. అది లెక్కలోకి తీసుకోలేదు.

డిసెంబర్ సమీక్షకు కొత్త కాగితాలతో వెళ్ళాను. తేడా ఉంది. ఆపరేషనైన మొదటి సాయంత్రం పారావర్టిబ్రల్ వేసినవాళ్ళ చేతులు ఎక్కువ దూరం సాగాయి, ముడులు ఎక్కువ పడ్డాయి. మర్నాటికి ఆ తేడా దాదాపు కనబడలేదు. పారావర్టిబ్రల్‌కు ఎక్కువ సమయం పట్టింది. కొందరికి రక్తపోటు పడితే సరిచేయాల్సి వచ్చింది. ఒకరిద్దరిలో తెరమీద బొమ్మ సరిగా కనబడక మానుకోవాల్సి వచ్చింది. ఎరెక్టర్ స్పైనీ ఎవరికైనా, ఎలాంటి పరిస్థితిలోనైనా వేయగలిగాను. నేను ఎదురుచూసినంత పెద్ద తేడా కాదు. నా బ్లాకే గొప్పదని తేలాలని నాకు మనసులో ఉండేది, తేలలేదు. ఉన్నదున్నట్టు రాశాను. 'సోమరుల బ్లాక్' అని జూలైలో కమిటీకిచ్చిన అర్జీలో నేను రాసిన మాటను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

బ్లాకులు రెండూ కొనసాగించాలని కమిటీ నిర్ణయించింది. కానీ మినిట్స్‌లో పాత వాక్యం అలాగే ఉంది, మగ్గాలవాళ్ళకు నొప్పి తక్కువని. అది కొట్టేయకుండా లేవనన్నాను. కార్యదర్శి, పాత మినిట్స్ దిద్దడం ఆనవాయితీ కాదన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను. టీ వచ్చింది, పోయింది. చివరికి సర్జను రిజిస్టరు తన వైపు లాక్కుని, ఆ వాక్యం మీద గీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. క్షమించమని అనలేదు. అదీ డైరీలో రాసుకున్నాను.

పోశెట్టికి పదిహేను రోజుల తర్వాత పరీక్ష చేసి, నెలన్నరకు పనిలోకి రావచ్చని సంతకం పెట్టాను. మొదట నాలుగు సాంచాలు, తర్వాత ఆరు. ముకాదమ్ మాట నిలబెట్టుకున్నాడు. మల్లయ్యకు ఆరు సాంచాలు తిరిగి రాలేదు. అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాములో మూటలు ఎత్తుతున్నాడని రాజవ్వ చెప్పింది. 'భయస్తుడు' అని నేను రాసిన కాగితం నా ఫిర్యాదుల ఫైలులోనే ఉంచాను. అందులో నా మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

ఆ ఉదంతం నేర్పింది ఇది. నొప్పి కొలిచే ముందు, ఆ అంకె ఎవరు చదువుతారో చూసుకోవాలి. తన బతుకుతెరువు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు వినబడేలా రోగి జవాబు చెప్పాల్సి వస్తే, ఆ జవాబు వైద్యానికి పనికిరాదు. బ్లాకుల మధ్య తేడా నిజమే, కానీ చిన్నది. అడిగే తీరులో తేడా దానికంటే పెద్దది. 2023లో నేను పదవీ విరమణ చేసేనాటికి మా వార్డులో ఏ మంచానికీ నొప్పి కాగితం వేలాడేది కాదు. థియేటర్ గోడ మీది రాతిపలక మాత్రం మారలేదు. దాని గురించి పోయిన నెలలో ఇంకో ఉత్తరం పంపాను.